లారీ వెళ్ళిపోయింది, నంబరు మిగిలిపోయింది



పోయిన సమావేశంలో "మీ ఫ్యాక్టరీ లారీ గొడవ ఏమైంది?" అని చాలామంది అడిగారు. అప్పుడు మేం నోరు విప్పలేదు. విచారణ ఇంకా నడుస్తోంది, పైగా తప్పు మాది. ఇప్పుడు అంతా తేలిపోయింది కాబట్టి ముగ్గురం కూర్చుని ఇది రాస్తున్నాం. కొంచెం పొడుగైంది. మధ్యలో వైర్లు, బైట్లు వస్తాయి. ఓపిగ్గా చదవండి. ఇంట్లో ఐటీఐ, డిప్లొమా చదివే పిల్లలుంటే వాళ్ళ చేత కూడా చదివించండి. ఫ్యాక్టరీ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. వాటితో పనీ లేదు.

మేం ముగ్గురం బళ్ళారి చుట్టుపక్కల ఉన్న స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల్లో ఒకదాంట్లో ఇన్‌స్ట్రుమెంట్ పని చేస్తాం. కాంట్రాక్టు ఉద్యోగాలే. సెన్సర్లు, మీటర్లు, వేబ్రిడ్జి, గేటు దగ్గర లారీలను గుర్తుపట్టే రీడర్లు, ఇవన్నీ మా లెక్కలోకి వస్తాయి.

మన ఊళ్ళో లారీ బరువు సంగతి మీకు వేరే చెప్పాలా? 2011 జూలై 27న లోకాయుక్త సంతోష్ హెగ్డే గారు గనుల మీద నివేదిక ఇచ్చారు. రెండు రోజులకే, 29న, సుప్రీంకోర్టు జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాలు ఆపేసింది. 2013 ఏప్రిల్ 18 నాటి తీర్పులో గనులను ఏ, బీ, సీ అని మూడు రకాలుగా విడదీసి, సీ రకం గనుల లీజులు రద్దు చేసింది. ఆ రెండేళ్ళలో వాయిదాలు కట్టలేక లారీలు అమ్ముకున్నవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. ఆ తర్వాత లారీ మీద అందరి కన్నూ పడింది. లోడుకు పర్మిట్ ఉండాలి, గని దగ్గర తూకం, ఫ్యాక్టరీ దగ్గర తూకం, రెండు చీటీలూ కలవాలి. కలవకపోతే ముందు దొంగ డ్రైవరే. దారిలో దించేశాడు, ఎక్కడో అమ్మేశాడు అనే మాట అందరి నాలుక చివరా సిద్ధంగా ఉంటుంది.

అలాంటి మాటే ఒక మనిషి మీద పడింది. ఆయనది రాయదుర్గం వైపు పల్లె. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలతో పాటు రాయదుర్గం తాలూకా కూడా మన జిల్లా నుంచి విడిపోయి అటు వెళ్ళింది కదా. అటు వెళ్ళినా వాళ్ళ బతుకుతెరువు ఇటే. ఆయన సొంతంగా ఒక పది చక్రాల టిప్పర్ కొనుక్కుని సండూరు వైపు గనుల నుంచి ఖనిజం తోలుతాడు. బండి మీద ఇంకా అప్పుంది.

ఒక ఆదివారం ఆయన సంఘం ఆఫీసుకు వచ్చాడు. సాయం అడగడానికి కాదు, చేతిలో ఉన్న ఇంగ్లీషు కాగితం చదివించుకోవడానికి. లోడులో 1,300 కిలోలు తగ్గిందని, విచారణ అయ్యేదాకా బండిని లోపలికి రానివ్వరని, బిల్లులు ఆపేశామని ఆ కాగితంలో ఉంది. గేటు దగ్గర సెక్యూరిటీ ఆఫీసరుకు తెలుగు రాదు, ఈయనకు కన్నడ లారీ తోలేంత వరకే వచ్చు. ఎంత మొత్తుకున్నా "కంప్యూటర్ సుళ్ళు హేళల్లప్పా" అన్నాడట ఆయన.

కార్యదర్శి గారు మమ్మల్ని పిలిపించారు. కాగితం చూడగానే అది మా గేటే అని తెలిసింది.

"పదహైదేండ్ల సంది ఈ రోడ్డు మీద తోల్తాండా సార్. ఆ పొద్దు దావలో నీళ్ళకు గూడా ఆపలేదు. ఆ మిషనేమన్నా తప్పు జెప్పిందేమో ఒగసారి చూడండి" అన్నాడు.

మాలో ఒకరు అన్న జవాబు ఇప్పటికీ మాకు సిగ్గుగా ఉంటుంది. "అన్నా, మిషన్‌కు నువ్వెవరో తెలీదు కదా. దానికి నీ మీద కోపమేముంటుంది?"

ఆయన తలొంచుకుని, "దానికి నేనెవురో తెలీదు గాబట్టే గదా సామీ భయం" అన్నాడు.

ఆ రాత్రి ముగ్గురిలో ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు. కారణం ఏమిటంటే, ఆయన లోడు తూకానికి ఐదు రోజుల ముందే ఆ గేటు దగ్గర పాత రీడర్ తీసి కొత్తది బిగించింది మేమే.

ఆ రీడర్ ఏం చేస్తుందో కొంచెం చెప్పాలి. లారీ ముందు అద్దానికి లోపలి వైపు ఒక ట్యాగ్ అంటిస్తారు. మీ కార్ల మీదున్న ఫాస్టాగ్ కూడా ఇదే జాతి. దాంట్లో బ్యాటరీ ఉండదు. గేటు దగ్గరి ఆంటెన్నా 865 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలయ్యే బ్యాండులో రేడియో తరంగాలు వదులుతుంది. ఆ తరంగాల నుంచే కాస్త శక్తి తీసుకుని ట్యాగ్ తన నంబరు చెబుతుంది. మామూలుగా అది 96 బిట్లు, అంటే 12 బైట్లు. ఇది ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్ పని. ఆ నంబరు కంట్రోల్ రూములో ఉన్న పీఎల్‌సీకి చేరాలి. పీఎల్‌సీ అంటే గేటు తెరవడం, లైటు వెలిగించడం, తూకాన్ని నంబరుతో కలిపి కంప్యూటర్‌కు పంపడం, ఇవన్నీ చేసే చిన్న పెట్టె. రీడర్‌కూ పీఎల్‌సీకీ మధ్య నడిచే దారినే ఫీల్డ్‌బస్ అంటారు. మా దగ్గర ఉన్నది ప్రొఫిబస్. 1980ల చివర్లో జర్మనీలో పుట్టింది. ఊదారంగు కేబుల్, లోపల ఒక ఆకుపచ్చ తీగ, ఒక ఎర్ర తీగ. ఆ రెండు తీగల మీదే వరసగా అన్ని పరికరాలూ వేలాడుతుంటాయి. పీఎల్‌సీ ఒక్కొక్కదాన్నీ పేరు పిలిచి అడుగుతుంది, పిలిచినదే బదులిస్తుంది. బడిలో హాజరు పిలిచినట్టే.

పాత రీడర్ ఒక పిడుగుల రాత్రి కాలిపోయింది. ఆ మోడల్ తయారీ ఆగిపోయింది, వేరే మోడల్ వచ్చింది. గేటు బయట లారీలు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. అమ్మినవాళ్ళ ఇంజనీరు రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. "మీరే ఏదో ఒకటి చేయండి" అన్నారు పైవాళ్ళు. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టాం.

మొదటిది అడ్రసు. బస్సు మీద ప్రతి పరికరానికీ ఒక నంబరుండాలి, ఒకే నంబరు ఇద్దరికి ఉండకూడదు. రీడర్ పక్కనున్న చిన్న తిరుగుడు స్విచ్‌లను పాత రీడర్ నంబరుకు తిప్పాం. అయినా పలకలేదు. గంట సేపు కొట్టుకున్నాక గుర్తొచ్చింది. అడ్రసు మార్చాక కరెంటు ఒకసారి తీసి మళ్ళీ ఇవ్వాలి. అప్పటిదాకా అది పాత పేరుకే పలుకుతుంది.

రెండోది జీఎస్‌డీ ఫైలు. ఇది పరికరం తయారుచేసినవాళ్ళు ఇచ్చే పరిచయపత్రం. నేను ఫలానా, నాకు ఇన్ని బైట్లు ఇవ్వగలరు, నేనిన్ని ఇవ్వగలను, ఈ వేగాల్లో మాట్లాడగలను అని అందులో ఉంటుంది. పీఎల్‌సీ ప్రోగ్రాంలో పాత రీడర్ పత్రం పెట్టి ఉంచి, కొత్త రీడర్‌ను తగిలిస్తే అది ఒప్పుకోదు. గుర్తింపు సంఖ్య తేడా వచ్చిందని ఎర్రలైటు వెలిగిస్తుంది. కొత్త ఫైలు ఎక్కించాం.

మూడోది కేబుల్. కంట్రోల్ రూము నుంచి గేటు దాకా సుమారు ఆరు వందల మీటర్లు. ప్రొఫిబస్‌లో వేగం పెంచితే దూరం తగ్గుతుంది. సెకనుకు 1.5 మెగాబిట్లయితే 200 మీటర్లే. 500 కిలోబిట్లకు 400 మీటర్లు. 187.5 కిలోబిట్లకు దిగితే 1,000 మీటర్ల దాకా పోతుంది. మాది 187.5 మీదే ఉంది, దాంతో ఇబ్బంది లేదు. కానీ ఎర్రలైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. చివరికి చూస్తే కనెక్టర్ మీదున్న చిన్న స్విచ్. లైను రెండు కొసల్లోనూ ఆ స్విచ్ ఆన్‌లో ఉండాలి. లేకపోతే గోడకు తగిలిన కేక మారుమోగినట్టు సిగ్నల్ వెనక్కి తిరిగి వస్తుంది. మధ్యలో ఉన్నవాటికి ఆఫ్‌లో ఉండాలి. మధ్యలో ఎవరైనా ఆన్ చేస్తే దాని అవతలివన్నీ తెగిపోతాయి. రీడర్ మార్చే హడావుడిలో కొస స్విచ్‌ను మేమే ఆఫ్ చేశాం. ఆన్ చేయగానే పచ్చలైటు నిలకడగా వెలిగింది.

నాలుగోది బైట్ల లెక్క. ఎన్ని బైట్లు ఇన్‌పుట్, ఎన్ని అవుట్‌పుట్ అని పెట్టాలి. కొత్తవాళ్ళు ఇక్కడ తికమక పడతారు. ఇన్‌పుట్ అంటే ఎవరికి? ఎప్పుడూ పీఎల్‌సీ వైపు నుంచే చూడాలి. రీడర్ పంపే నంబరు రీడర్‌కు అవుట్‌పుట్ అనిపించినా, లెక్కలో అది ఇన్‌పుట్టే. ట్యాగ్ నంబరుకు 12 బైట్లు, ముందు స్థితి చెప్పే బైట్లు కొన్ని, అన్నీ సరిపోయేలా పెట్టాం. అంతా ఒకే ముక్కగా చదివేలా కూడా పెట్టాం. ముక్కలు ముక్కలుగా చదివితే సగం పాత లారీ నంబరు, సగం కొత్త లారీ నంబరు అతుక్కునే ప్రమాదముంది.

ఐదోది మమ్మల్ని బాగా ఏడిపించింది. నంబరు వస్తోంది కానీ అంకెలు తలకిందులుగా వస్తున్నాయి. రెండేసి బైట్లు ఒకదాని స్థానంలో ఒకటి. మాతో పాటు ఆ రాత్రి బిహారు కుర్రాడు ఒకడున్నాడు, వాడి వల్లే అర్థమైంది. మనం తెలుగులో యాభై ఆరు అంటాం. కన్నడలో ఐవత్తారు. యాభై ముందు, ఆరు తర్వాత. వాడు ఛప్పన్ అన్నాడు. అందులో ఆరు ముందొస్తుంది, యాభై తర్వాత. రాసిన అంకె ఒకటే, పలికే వరసే వేరు. మన హంపీ వైపు శాసనాల్లోనూ శకవర్షాన్ని మాటల్లో చెప్పేటప్పుడు ఒకట్ల స్థానం నుంచే మొదలుపెట్టడం ఉంది. రీడర్ ఒక వరసలో చెబుతోంది, పీఎల్‌సీ ఇంకో వరసలో వింటోంది. ప్రోగ్రాంలో రెండు బైట్లనూ తారుమారు చేయగానే నంబరు సరిగ్గా కనిపించింది.

అప్పటికి తెల్లవారుజాము నాలుగు. ట్యాగున్న ఒక లారీని నడిపించి చూశాం. నంబరు వచ్చింది, గేటు లేచింది. రెండో లారీ, మూడో లారీ. అన్నీ సరిగ్గా వచ్చాయి. టీ తాగి ఫొటో దిగాం. ఆ ఫొటో మన గ్రూపులో కూడా పెట్టాం, మీరంతా శభాష్ అన్నారు. పరికరం పలకడమే గెలుపనుకున్నాం. పలికింది నిజమా కాదా అనేది వేరే ప్రశ్న అని అప్పుడు తోచలేదు.

సోమవారం గేటు దగ్గరికి వెళ్ళి ముందు ఎంట్రీ తూకం గుమాస్తా గారిని కలిశాం. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. కంప్యూటర్ రాకముందు నుంచి తూకం దగ్గరే ఉన్నాడు. ఆయనకో పాత అలవాటు. తెర మీద ఏం కనిపించినా సరే, ప్రతి లారీ నంబరు ప్లేటు చివరి నాలుగు అంకెలూ, ఎర్ర అంకెల డిస్‌ప్లేలో కనిపించే బరువూ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాడు. మా కుర్రవాళ్ళు ఆ పుస్తకం చూసి నవ్వుకునేవాళ్ళు.

ఆ రోజు పేజీ తీశాం. మన డ్రైవరు బండి ఎదురుగా 28,200 అని ఉంది. కంప్యూటర్‌లో అదే బండికి 26,900 ఉంది. నోటు పుస్తకంలో దాని కింద వరసలో ఇంకో లారీ. దాని ఎదురుగా 26,900.

అక్కడే కుర్చీలో కూలబడ్డాం. ఖాళీ బండి బరువు 10,900. 28,200 నుంచి తీసేస్తే 17,300, అంటే గని చీటీలో ఉన్నంతే. 26,900 నుంచి తీసేస్తే 16,000. తగ్గిన 1,300 కిలోలు ఏ రోడ్డు పక్కనా పోలేదు. మా ఆరు వందల మీటర్ల కేబుల్‌లో పోయాయి.

"మరి మీరెందుకు చెప్పలేదు సార్?" అని అడిగితే గుమాస్తా గారు, "నన్ను ఎవరడిగారు బాబూ?" అన్నారు.

ఆ రెండో లారీ సంగతి ఇంకా విచిత్రం. బయటికి వెళ్ళే తూకం దగ్గర కంప్యూటర్ ఈ లారీ లోపలికి వచ్చినట్టే లేదు అంది. అక్కడివాళ్ళు ఎంట్రీకి ఫోన్ చేశారు. ఈయన తన పుస్తకం చూసి 26,900 చెప్పారు, వాళ్ళు చేత్తో కొట్టుకున్నారు. ఆ లారీ లెక్క సరిపోయింది, చీటీ తీసుకుని వెళ్ళిపోయింది. మా దగ్గర చీటీ బయటికొచ్చేటప్పుడే, రెండు తూకాలూ కలిపి ఒక్కటే వస్తుంది. అందుకే మన డ్రైవరు చేతిలో రుజువుగా చూపించడానికి ఏమీ లేకపోయింది.

రెండో లారీ ట్యాగ్ ఎందుకు చదవలేదో చూడ్డానికి దాన్ని పిలిపించాం. అద్దం మీద ట్యాగ్ ఉంది. దాని మీద మెరిసే రేకు వేసిన దేవుడి స్టిక్కర్ అంటించి ఉంది. లోహపు రేకు ఈ తరంగాలను అడ్డుకుంటుంది. ఆ డ్రైవరు తప్పేమీ లేదు, అక్కడ అంటించొద్దని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కానీ అసలు ప్రశ్న అది కాదు. ట్యాగ్ చదవకపోతే గేటు తెరవకూడదు కదా. మరి ఎలా తెరిచింది? ముందు లారీ నంబరు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆ రాత్రి రెండు గంటలకు, లారీలు పలచబడ్డాక, పరీక్ష పెట్టాం. ఒక లారీని నడిపించాం. నంబరు వచ్చింది, వెళ్ళిపోయింది. రెండో లారీ ట్యాగ్ మీద వంటింటి అల్యూమినియం రేకు కప్పి నడిపించాం. తెర మీద మొదటి లారీ నంబరే కనిపించింది. గేటు లేచింది.

అప్పుడు కూర్చుని, కొత్త రీడర్ మాన్యువల్‌ను మొదటి పేజీ నుంచి చదివాం. బిగించిన రాత్రి చేయాల్సిన పని అది.

స్థితి చెప్పే బైట్లలో ఒక బిట్ ఉంటుంది. పాత రీడర్‌లో ఆ బిట్ ఒకటిగా ఉంటే, ఇప్పుడు ఆంటెన్నా ముందు ట్యాగ్ ఉందని అర్థం. లారీ వెళ్ళిపోగానే అదే సున్నా అయ్యేది, నంబరు కూడా చెరిగిపోయేది. కొత్త రీడర్‌లో ఆ చోటే ఉన్న బిట్‌కు అర్థం వేరు. నా దగ్గర చదివిన నంబరు ఒకటుంది, మీరింకా తీసుకున్నట్టు చెప్పలేదు అని. పీఎల్‌సీ అవుట్‌పుట్ బైట్లో అందిందని ఒక బిట్ పెట్టి చెప్పేదాకా ఆ నంబరును అట్టే పట్టుకుని ఉంటుంది. పట్టుకోవాలా వద్దా అనేది కూడా ఒక పారామీటరే. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు పట్టుకునేలా పెట్టి ఉంది. మేం ఆ పేజీ తెరవలేదు. పాత పీఎల్‌సీ ప్రోగ్రాంలో అందిందని చెప్పే మాటే లేదు, ఎందుకంటే పాత రీడర్‌కు దాని అవసరం లేదు. ట్యాగ్ చదివినప్పుడల్లా కొత్త నంబరు పాతదాని మీద పడుతుంది కాబట్టి, మా పరీక్ష లారీలన్నీ సరిగ్గా వచ్చాయి. చదవని లారీ వచ్చిన రోజే బండారం బయటపడుతుంది.

మనకిది కొత్తేమీ కాదు. అనంతపురం నుంచి కొత్తగా బళ్ళారి వచ్చినవాడు "ఊట ఆయ్తా?" అని అడిగితే, ఎక్కడ నీళ్ళు ఊరుతున్నాయా అని చూస్తాడు. భోజనం అయిందా అని అడిగారని తర్వాత తెలుస్తుంది. మాట ఒకటే, అర్థం వేరు. తెలియని మాటైతే ఎవర్నో ఒకర్ని అడుగుతాం. తెలిసినట్టుండే మాటే మోసం చేస్తుంది. మేం కూడా ఆ బిట్ స్థానం అదే కదా అని అర్థం కూడా అదేననుకున్నాం.

ఇంకో సంగతి. ఫీల్డ్‌బస్ మీద వచ్చేది ఉత్తరం లాంటిది కాదు. ఉత్తరమైతే ఒకసారే వస్తుంది. ఇది మార్కెట్ యార్డులో ధరల బోర్డు లాంటిది. పీఎల్‌సీ సెకనుకు ఎన్నోసార్లు వచ్చి ఆ బోర్డు చూసి పోతుంటుంది. నిన్నటి ధర ఎవరూ తుడవకపోతే, ఈరోజు వచ్చిన రైతు దాన్నే ఈరోజు ధర అనుకుంటాడు. బోర్డు అబద్ధమాడలేదు, రాసిన తేదీ చెప్పలేదు, అంతే. అందుకే తయారీదారులు నంబరుతో పాటు ఒక లెక్క బైట్ కూడా ఇస్తారు. కొత్త ట్యాగ్ చదివినప్పుడల్లా అది ఒకటి పెరుగుతుంది. ఆ లెక్క మారితేనే కొత్త లారీ. మా రీడర్ దాన్ని మొదటి రోజు నుంచీ పంపుతూనే ఉంది. మేం వాడలేదు.

సరిచేయడానికి రెండు గంటలు పట్టింది. తర్వాత అసలు కష్టం మొదలైంది.

మాలో ఒకరు అన్నారు, "సరిచేశాం కదా. నెట్‌వర్క్‌లో చిన్న లోపం వచ్చిందని రాసి ఆ లారీ లెక్క మార్పించేద్దాం. మన పేరెందుకు?" అలా అన్న మనిషిది చెడ్డ బుద్ధి కాదు. ఇంటి లోను మొదలై నాలుగు నెలలైంది, కాంట్రాక్టు రెన్యువల్ ముందుంది. మిగతా ఇద్దరం కూడా కొంతసేపు ఔననలేదు, కాదనలేదు.

కానీ నెట్‌వర్క్ లోపం అంటే ఏమిటి? అలా రాస్తే ఆఫీసరు ఈ ఒక్క చీటీ దిద్దుతాడు. మిగతావాటి సంగతి? కొత్త రీడర్ పెట్టిన నాటి నుంచి ఆ రోజుకు పదహారు రోజులు. గుమాస్తా గారి పుస్తకం, కంప్యూటర్ లెక్క పక్కపక్కన పెట్టి వరసగా చూశాం. ఇంకో నాలుగు లారీలు దొరికాయి. ముగ్గురికి తక్కువ పడింది, ఒకరికి ఎక్కువ పడింది. తక్కువ పడినవాళ్ళలో ఇద్దరు గొడవెందుకని డబ్బు కట్టించుకోనిచ్చారట. దొంగ అనే మాట మోయడం కన్నా డబ్బు పోవడమే నయమనుకున్నారు. అది చూశాక మాకు మాట్లాడుకోవడానికేమీ మిగల్లేదు.

రెండు పేజీలు రాశాం. రీడర్ మార్చింది మేమే, మాన్యువల్ పూర్తిగా చదవలేదు, చదవని ట్యాగ్‌తో పరీక్ష చేయలేదు అని ముగ్గురం సంతకాలు పెట్టాం. ఎక్కువ పడిన లారీ లెక్క కూడా దాచలేదు. గుమాస్తా గారి పుస్తకం పేజీలు జత చేశాం. సెక్యూరిటీ ఆఫీసరు ఎదుటే మళ్ళీ అల్యూమినియం రేకుతో చేసి చూపించాం, పాత ప్రోగ్రాంతో ఒకసారి, కొత్తదాంతో ఒకసారి. ఆయన చాలాసేపు తెర వైపు చూసి, ఆ కాగితం వెనక్కి తీసుకునే ఉత్తరం తానే టైపు చేయించాడు. ఆయన మీద కూడా మాకు కోపం లేదు. కంప్యూటర్ అబద్ధం చెప్పదని ఆయనకు నమ్మకం కలిగించింది మాలాంటివాళ్ళమే కదా.

మాకు మెమో వచ్చింది, ఒక నెల ఇన్సెంటివ్ పోయింది. రెన్యువల్ అయింది. డ్రైవరన్న బిల్లులు విడుదలయ్యాయి. డబ్బు కట్టిన ఇద్దరికీ తిరిగి ఇచ్చారు. కానీ ఆయన బండి పందొమ్మిది రోజులు నిలబడింది. ఆ రోజుల కిరాయి ఎవరూ ఇవ్వలేదు. ఆ నెల వాయిదాకు మన సంఘం తరఫున సర్దుబాటు చేసిన సంగతి కమిటీకి తెలుసు. ఆయన మూడు విడతల్లో తిరిగి కట్టేశాడు. ఊళ్ళో ఆ పందొమ్మిది రోజులు ఆయన గురించి ఏమనుకున్నారో దాన్ని మాత్రం ఎవరం తిరిగి కట్టలేం.

ఇప్పుడు గేటు దగ్గర పద్ధతి ఇది. లారీ తూకం దిగి, సెన్సర్లు ఖాళీ అని చెప్పాక పీఎల్‌సీ రీడర్‌కు అందిందని చెబుతుంది. రీడర్ బోర్డు తుడుస్తుంది. తుడిచినట్టు పీఎల్‌సీ చూసి నిర్ధారించుకున్నాకే తర్వాతి లారీకి పచ్చలైటు. లెక్క బైట్ మారకపోతే ఎంత మంచి నంబరు కనిపించినా చెల్లదు. కాసేపట్లో నంబరు రాకపోతే ఎర్రలైటు, గేటు మూసే ఉంటుంది. అప్పుడు మనిషి వచ్చి ప్లేటు చూసి చేత్తో కొడతాడు, ఎందుకు కొట్టాడో రాస్తాడు. ఆ రాతలన్నీ వారానికోసారి మేం చూస్తాం. గుమాస్తా గారి నోటు పుస్తకానికి ఇప్పుడు స్టోర్సు నుంచి అధికారికంగా పుస్తకాలు ఇస్తున్నారు.

ఈ పనిలో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. కొత్త పరికరం బిగించినప్పుడు అది పనిచేస్తోందా అని మాత్రమే చూడకండి. పనిచేయనప్పుడు ఏం చెబుతుందో కూడా చూడండి. ట్యాగ్‌ను కప్పి చూడండి, కేబుల్ పీకి చూడండి, ఆంటెన్నాకు కరెంటు తీసి చూడండి. ఆ క్షణంలో తెర మీద పాత నంబరు కనిపిస్తే, ఇంటికి వెళ్ళకండి. పాత ప్రోగ్రాంతో కొత్త పరికరం పెడుతుంటే ఒక్కొక్క బిట్ అర్థం కొత్త మాన్యువల్‌లో మళ్ళీ చదవండి.

లారీలు తోలే అన్నలకు కూడా ఒక మాట. ట్యాగ్ మీద ఏదీ అంటించకండి, దేవుణ్ణి పక్కన పెట్టుకోండి. కాంటా మీదున్నప్పుడు డిస్‌ప్లే ఎర్ర అంకెలు ఎంతో చూసి ఒక కాగితం మీద రాసుకోండి. అంకె తేడా వస్తే కంప్యూటర్ చెప్పింది కదా అని డబ్బు కట్టకండి, ముందు సంఘానికి రండి.

వచ్చే ఆదివారం సాయంత్రం సంఘం హాల్లో పాత రీడర్ ఒకటి, నాలుగు ట్యాగులు, వంటింటి రేకు తెస్తున్నాం. పిల్లల్ని పంపండి. చేత్తో చేసి చూస్తారు.

మొన్న హొసపేట రోడ్డు మీద టీ కొట్టు దగ్గర డ్రైవరన్న కనిపించాడు. మా టీ డబ్బులు కూడా తనే ఇచ్చాడు, వద్దన్నా వినలేదు. వెళ్తూ వెళ్తూ, "ఏం సామీ, ఇప్పుడన్నా ఆ మిషను నన్ను గుర్తుపడతాందా?" అన్నాడు.

"ఒక్కోసారి పట్టదన్నా. పట్టకపోతే గేటు తియ్యదు. ఇంకొకర్ని చూసి నువ్వని మాత్రం అనదు."

"అది చాలు" అని బండెక్కాడు.